ఒకటే కమాండ్.. రెండు జవాబులు

మీ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే ఇప్పుడే తెరవండి. లేకపోతే చదువుతూ పోండి, తర్వాతైనా చేసి చూసుకోవచ్చు. కమాండ్లను ఇక్కడ మన లిపిలోనే రాస్తున్నాను. కొట్టేటప్పుడు మీరు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మొదట 'ఎకో' అని కొట్టి, ఖాళీ వదిలి, 'మైనస్ ఈ' పెట్టి, ఆ తర్వాత కోదాడ అని రాసి ఎంటర్ నొక్కండి. స్క్రీన్ మీద 'కోదాడ' అని మాత్రమే వస్తుంది. ఇప్పుడు 'ఎస్‌హెచ్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. పైకి పెద్దగా మార్పేమీ కనిపించదు, కానీ మీరు వేరే షెల్‌లోకి వెళ్లారు. అక్కడ అదే లైను మళ్లీ కొట్టండి. ఈసారి 'మైనస్ ఈ కోదాడ' అని వస్తుంది. ఆప్షన్ అనుకుని మనం ఇచ్చింది కూడా మాటలాగే అచ్చయిపోయింది.

ఫోన్ అదే, కమాండ్ అదే, జవాబులు మాత్రం రెండు. ఏది తప్పు? రెండూ తప్పు కాదు. ఈ వారం సంగతి అదే.

"అన్నా, ల్యాబ్‌లో నడిచిందే!"

సూర్యాపేట వైపు కాలేజీ పిల్లలు ఎవరు కలిసినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. మొన్న ఒక తమ్ముడు అడిగిన తీరు ఇది: "అన్నా, మార్కుల టోటల్ తీసే స్క్రిప్ట్ రాసిన. ల్యాబ్‌ల మంచిగ నడిచింది. ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్‌ల పెడితే బ్రాకెట్ దగ్గర సింటాక్స్ ఎర్రర్ అంటుంది. ఒక్క అక్షరం గూడ మార్చలే. నేనేం తప్పు చేసిన?"

"ఎట్ల నడిపినవ్ తమ్ముడూ?" అని అడిగితే, "ఎస్‌హెచ్ అని కొట్టి, ఫైల్ పేరు ఇచ్చిన" అన్నాడు. చిక్కు అక్కడే ఉంది.

ఎస్‌హెచ్ అనేది ఒక ప్రోగ్రామ్ పేరు అనుకుంటాం. నిజానికి అది ఒక కుర్చీ పేరు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది మెషీన్‌ను బట్టి మారుతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబానికి చెందిన లినక్స్‌లలో ఆ కుర్చీలో కూర్చునేది బాష్. ఉబుంటులో కూర్చునేది డాష్. ఆ తమ్ముడి స్క్రిప్ట్‌లో అర్రే ఉంది. అర్రే అంటే బాష్‌కు తెలుసు, డాష్‌కు తెలియదు. అందుకే బ్రాకెట్ కనపడగానే డాష్ ఆగిపోయింది.

ఇంకో మెలిక కూడా ఉంది. ఫైల్ మొదటి లైన్‌లో 'ఇది బాష్‌తో నడపాలి' అని షిబాంగ్ రాసే ఉన్నాడు. అయినా ముందు ఎస్‌హెచ్ అని కొట్టి నడిపితే ఆ లైన్‌ను ఎవరూ పట్టించుకోరు. షెల్‌కు అది ఉట్టి కామెంట్. బస్సు ముందు 'కోదాడ' అని బోర్డు ఉన్నా, డ్రైవర్‌కు డిపోలో 'మిర్యాలగూడ' అని చెప్పి పంపితే బస్సు ఎటు పోతుంది? మిర్యాలగూడకే పోతుంది.

ఉబుంటు మొదటినుంచీ ఇట్ల లేదు. 2006 అక్టోబర్‌లో 6.10 వెర్షన్ వచ్చేదాకా అక్కడ కూడా ఎస్‌హెచ్ అంటే బాషే. ఆ వెర్షన్‌లో డాష్‌ను కూర్చోబెట్టారు. డాష్ చిన్నది, త్వరగా మొదలవుతుంది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు బోలెడన్ని చిన్న స్క్రిప్టులు నడుస్తాయి కాబట్టి ఆ తేడా లెక్కలోకి వస్తుంది. డెబియన్ కూడా 2011 ఫిబ్రవరిలో వచ్చిన 6.0 వెర్షన్‌తో అదే దారి పట్టింది. ఆ మార్పుతో ఎస్‌హెచ్ పేరు పెట్టుకుని లోపల బాష్ సొగసులన్నీ వాడిన స్క్రిప్టులు ఎన్నో కూలబడ్డాయి. ఉబుంటు వాళ్ల మాట ఒక్కటే: ఎస్‌హెచ్ అని రాస్తే ప్రమాణంలో ఉన్నదే వాడాలి, బాష్ కావాలంటే బాష్ అని రాయాలి. మాట న్యాయమైనదే. కానీ నిన్నటిదాకా నడిచిన స్క్రిప్ట్ ఇవాళ ఆగిపోయిన మనిషికి న్యాయం అంత తొందరగా ఎక్కదు.

ఇంతకీ ప్రమాణం ఎక్కడిది?

1979లో బెల్ ల్యాబ్స్ నుంచి యూనిక్స్ ఏడో వెర్షన్ వచ్చింది. అందులో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ ఉంది. ఎస్‌హెచ్ అన్న పేరుతో ఇప్పటికీ మనం చూస్తున్న వ్యాకరణం చాలావరకు అతనిదే. ఆ తర్వాత యూనిక్స్ కొమ్మలు కొమ్మలుగా చీలింది. ఒక్కో కంపెనీ, ఒక్కో యూనివర్సిటీ తమకు తోచినట్టు మార్చుకున్నాయి.

మనం పైన కొట్టిన ఎకో కథే చూడండి. ఏడో వెర్షన్‌లో 'మైనస్ ఎన్' అని ఇస్తే ఎకో చివర కొత్త లైన్ పెట్టకుండా ఆగేది. బర్క్‌లీ వాళ్లు దాన్నే ఉంచుకున్నారు. ఇంకో కొమ్మ అయిన సిస్టమ్ ఫైవ్‌లో ఆ పద్ధతి లేదు. అక్కడ వెనక్కి వాలిన గీత పక్కన 'సి' రాస్తే కొత్త లైన్ ఆగుతుంది, 'ఎన్' రాస్తే కొత్త లైన్ వస్తుంది. ఒకే ఊళ్లో రెండు వీధుల వాళ్లు బతుకమ్మను రెండు తీర్లుగా పేర్చినట్టన్నమాట. ఎవరి అలవాటు వాళ్లకు ముద్దు.

ఈ గందరగోళం తీర్చడానికే పోసిక్స్ వచ్చింది. మొదటి పోసిక్స్ ప్రమాణం 1988లో వచ్చింది, షెల్‌కు, కమాండ్లకు సంబంధించిన భాగం 1992లో వచ్చింది. పెద్దమనుషులు కూర్చుని ఎకో మీద ఏం తేల్చారు? ఏమీ తేల్చలేదు! మైనస్ ఎన్ వచ్చినా, వెనక్కి వాలిన గీత వచ్చినా ఏం చేయాలన్నది ఆ షెల్ రాసినవాళ్ల ఇష్టం అని వదిలేశారు. కచ్చితమైన ఫలితం కావాలంటే ప్రింట్‌ఎఫ్ వాడుకోండి అన్నారు.

పంచాయితీలో తీర్పు చెప్పలేక 'మీ ఇద్దరి పొలాలూ మీవే, మధ్యలో కొత్త గట్టు వేస్తున్నాం' అన్నట్టుంది కదా? కానీ ఆలోచిస్తే అంతకంటే మంచి తీర్పు లేదు. ఏ వైపు మొగ్గినా అవతలి వైపు వేల స్క్రిప్టులు విరిగేవి. అందుకే ఎకో ఎవరిది వాళ్లకే మిగిలింది, ఇవాళ్టికీ మన ఫోన్‌లో రెండు జవాబులు వస్తున్నాయి.

ఆపిల్ మ్యాక్‌లో ఈ తమాషా ఇంకా బాగా కనిపిస్తుంది. 2007లో వచ్చిన లెపర్డ్ వెర్షన్ అధికారికంగా యూనిక్స్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. అక్కడ ఎస్‌హెచ్‌గా నడిచే షెల్‌లో ఎకో మైనస్ ఎన్ అని కొడితే ఆ మైనస్ ఎన్ కూడా అచ్చయి వస్తుంది. మ్యాక్‌లోనే బాష్ తెరిచి కొడితే రాదు. సర్టిఫికెట్‌కు ఒక ముఖం, అలవాటుకు ఇంకో ముఖం.

మన రోడ్డుకూ ఇదే కథ

ఇదేదో కంప్యూటర్ వాళ్ల గోల అనుకోకండి. సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ పోయే హైవే నంబరు ఎంత? బోర్డు మీద 65 అని ఉంటుంది. 2010లో దేశమంతా జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు ఇచ్చిన నంబరది. కానీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, 'తొమ్మిదో నంబరు హైవే' అంటారు. పాత నంబరు అదే. ప్రమాణం మారింది, నోరు మారలేదు. అయినా ఎవరూ దారి తప్పలేదు, ఎందుకంటే రోడ్డు అదే.

బండి నంబర్లు చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ జిల్లా బండి అంటే ఏపీ 24. తెలంగాణ వచ్చాక నల్లగొండకు టీఎస్ 05 వచ్చింది. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకు టీఎస్ 29 వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. మూడు రకాల ప్లేట్లూ ఒకే సిగ్నల్ దగ్గర పక్కపక్కన ఆగుతాయి. కొత్త రూలు కొత్త బండికి, పాత బండి పాత నంబరుతోనే పోతుంది. కంప్యూటర్ భాషలో దీన్నే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటారు. మనం 'పాతవాటికీ చోటు' అనుకుందాం.

డబ్బు సంగతి ఇంకా బాగుంటుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసల లెక్క వచ్చింది. అంతకుముందు రూపాయికి 16 అణాలు. నాలుగణాలు సరిగ్గా 25 పైసలు, ఎనిమిదణాలు సరిగ్గా 50 పైసలు. అందుకే చారానా, ఆఠానా అన్న మాటలు కొత్త నాణేల మీద కూడా హాయిగా బతికాయి. మరి ఒక్క అణా? ఆరుంపావు పైసలు. దానికి సరిపోయే నాణెం లేదు. కొత్త లెక్కలో సరిగ్గా ఇమిడిన పాత మాట నిలిచింది, ఇమడనిది పోయింది. 25 పైసల నాణెం 2011లోనే చెలామణి నుంచి పోయింది. మీలో చాలామంది దాన్ని చేత్తో పట్టుకుని ఉండరు. అయినా 'చారానా కోడికి బారానా మసాలా' అంటే అందరికీ అర్థమవుతుంది.

మన జిల్లా అప్పట్లో హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది కాబట్టి ఇక్కడ ఇంకో పొర కూడా ఉంది. నిజాం హాలీ సిక్కా రూపాయి 1950 తర్వాత కూడా కొంతకాలం భారత రూపాయితో పాటు నడిచింది. 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు. 1959లో గాని పూర్తిగా రద్దు కాలేదు. అంటే కొత్త ప్రమాణం వచ్చిన రోజే పాతదాన్ని చెత్తబుట్టలో వేయలేదు. మారకం రేటు చెప్పారు, గడువు ఇచ్చారు, ఆ తర్వాతే తలుపు మూశారు. మంచి సాఫ్ట్‌వేర్ మార్పు కూడా ఇట్లే జరగాలి.

ప్రమాణమే మాట మారిస్తే

అన్నిసార్లూ అంత నెమ్మదిగా జరగదు. 'సార్ట్' కమాండ్ ఉంది కదా, వరుసలో పేర్చేది. పాతకాలంలో 'సార్ట్ ప్లస్ 1' అని కొడితే మొదటి గడి వదిలేసి రెండో గడి నుంచి చూసి పేర్చేది. 1992 ప్రమాణం దీన్ని ఒప్పుకుంది. 2001 ప్రమాణం ఒప్పుకోలేదు. 'ప్లస్ 1 అంటే ఆ పేరు గల ఫైల్ అని అర్థం, రెండో గడి కావాలంటే మైనస్ కే 2 అని రాయండి' అంది. 2008 ప్రమాణం మళ్లీ వచ్చి 'ఏ అర్థమైనా సరే, మీ ఇష్టం' అంది!

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఉందనుకుందాం. ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన స్క్రిప్ట్ రోజూ రాత్రి లారీల జాబితాను ఊరి పేరు వరుసలో పేర్చి ఇస్తుంది. ఊరి పేరు రెండో గడిలో ఉంది. మిల్లు వాళ్లు ఒక రోజు కంప్యూటర్ మార్చారు. కొత్తదాంట్లో సార్ట్ 2001 రూలు పాటించేదైతే, 'ప్లస్ 1' అనే ఫైల్ కోసం వెతికి, అలాంటిది లేదని చెప్పి ఊరుకుంటుంది. పొద్దున జాబితా ఖాళీ. గేటు బయట లారీలు, లోపల ఎదురుచూసే హమాలీలు. స్క్రిప్ట్ రాసిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. 'ప్రమాణం ప్రకారం మాదే కరెక్ట్' అన్న జవాబు ఆ గేటు దగ్గర ఎందుకూ పనికిరాదు.

ఇందుకే జీఎన్‌యూ వాళ్లు ఏ సంవత్సరం పోసిక్స్ ప్రకారం నడవాలో చెప్పుకునే సౌకర్యం పెట్టారు. పోసిక్స్2_వెర్షన్ అనే వేరియబుల్‌లో సంవత్సరం, నెల రాస్తే చాలు, ఆ కాలం పద్ధతికి మారుతుంది. బాష్‌కు కూడా బాష్_కంపాట్ అని ఇలాంటిదే ఒకటి ఉంది. పాత బాష్ లాగా ప్రవర్తించు అని దానితో చెప్పొచ్చు.

జీఎన్‌యూ మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్‌కు ప్రమాణాలతో ఇంకో తగువు కూడా ఉంది. విచిత్రం ఏంటంటే పోసిక్స్ అనే పేరు సూచించింది ఆయనే. డిస్క్‌లో ఎంత చోటు ఉందో చెప్పే కమాండ్లు 512 బైట్ల లెక్కన చెప్పాలని పోసిక్స్ అంది. 1024 బైట్ల లెక్క అయితేనే మనిషికి అర్థమవుతుందని జీఎన్‌యూ వాళ్లు మామూలుగా దాన్నే ఉంచారు. మీకు ప్రమాణమే కావాలంటే పోసిక్స్‌లీ_కరెక్ట్ అనే వేరియబుల్ పెట్టుకోండి అన్నారు. దాని మొదటి పేరు ఇంకాస్త వెటకారంగా 'పోసిక్స్_మీ_హార్డర్' అని ఉండేది. ధాన్యం మద్దతు ధరను ప్రభుత్వం క్వింటాల్ లెక్కన ప్రకటిస్తుంది. ఊళ్లో మాట మాత్రం బస్తాల్లోనే నడుస్తుంది. కాగితం మీద క్వింటాల్, కల్లంలో బస్తా. రెండింటినీ కలిపే లెక్క తెలిసినంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

పాత తలుపు తెరిచే ఉంచితే

అయితే పాతవాటికి ఎప్పుడూ చోటు ఇవ్వాలా? దానికీ ఒక ఖరీదు ఉంటుంది. 2014 సెప్టెంబర్‌లో షెల్‌షాక్ అనే లోపం బయటపడింది. కనిపెట్టినవాడు స్టెఫాన్ షజెలాస్. ఒక బాష్ తన ఫంక్షన్‌ను ఇంకో బాష్‌కు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టి పంపే సౌకర్యం 1989 నుంచీ ఉంది. మొదలయ్యేటప్పుడు బాష్ ఆ వేరియబుల్‌ను చదివి, ఫంక్షన్ దగ్గర ఆగకుండా దాని వెనక తోకలా తగిలించిన కమాండ్లను కూడా నడిపేసేది. కొన్ని వెబ్ సర్వర్లు బయటివాళ్లు పంపిన సమాచారాన్ని అలాంటి వేరియబుల్స్‌లోనే పెడతాయి. అంటే ఎక్కడో కూర్చున్నవాడు మన సర్వర్‌లో తనకు కావాల్సిన కమాండ్ నడిపించుకోవచ్చు. పాతికేళ్లు ఎవరి కంటా పడని తలుపు అది.

ఇక్కడే 2006 నాటి ఉబుంటు నిర్ణయం అనుకోకుండా పనికొచ్చింది. ఎస్‌హెచ్ కుర్చీలో డాష్ ఉన్న మెషీన్లలో, ఎస్‌హెచ్ ద్వారా నడిచే పనులకు ఆ ముప్పు తగలలేదు. డాష్‌కు ఆ సౌకర్యమే లేదు కాబట్టి ఆ రోగమూ లేదు. నేరుగా బాష్‌ను వాడిన చోట మాత్రం ముప్పు తప్పలేదు. ఆ తర్వాత బాష్ వాళ్లు ఫంక్షన్లు పంపే పద్ధతినే మార్చేశారు. పాత బాష్, కొత్త బాష్ మధ్య ఆ మాటలు తెగిపోయినా వెనకాడలేదు. ప్రాణం మీదకు వచ్చినప్పుడు పాత అలవాటును పక్కన పెట్టాల్సిందే.

సూర్యాపేటకు ఎన్ని అక్షరాలు?

ఇప్పుడు అసలు మనకు తగిలే చోటికి వద్దాం. సూర్యాపేట అన్న మాటకు ఎన్ని అక్షరాలు? రెండో తరగతి పాప వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంది: సూ, ర్యా, పే, ట. నాలుగు.

బాష్‌ను అడగండి. ఒక వేరియబుల్‌లో సూర్యాపేట అని పెట్టి దాని పొడవు అడిగితే 9 అంటుంది. స, ఊకారం, ర, విరామం, య, ఆకారం, ప, ఏకారం, ట. యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు కాబట్టి తొమ్మిది. ఉబుంటులో చాలాకాలంగా వచ్చిన డాష్ వెర్షన్లను అడిగితే 27 అంటాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ 3 బైట్లు పడతాయి. డాష్ లెక్కపెట్టింది బైట్లను.

కోదాడకు మన లెక్క 3, బాష్ లెక్క 5, డాష్ లెక్క 15. మిర్యాలగూడకు మన లెక్క 5, బాష్ లెక్క 10, డాష్ లెక్క 30.

పొడవును క్యారెక్టర్లలో చెప్పాలని పోసిక్స్ అంటుంది. అంటే ఎప్పుడూ ప్రమాణం ప్రకారం నడిచే బుద్ధిమంతుడని పేరున్న డాష్ ఇక్కడ దారి తప్పింది, సొంత సోకులు ఎక్కువని పేరున్న బాష్ ప్రమాణం పాటించింది. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఈ తేడా కనిపించనే కనిపించదు. అక్కడ ఒక అక్షరానికి ఒకే బైట్, ఏ లెక్కన చూసినా ఒకటే జవాబు. తేడా బయటపడేది మనలాంటి వాళ్ల దగ్గరే.

'కట్' కమాండ్ కూడా అంతే. 'మైనస్ సి 1-2' అంటే మొదటి రెండు క్యారెక్టర్లు ఇవ్వాలి. సూర్యాపేటకు 'సూ' రావాలి. కానీ జీఎన్‌యూ కట్ ఏళ్లతరబడి అక్కడ బైట్లనే కోస్తూ వచ్చింది. మూడు బైట్ల 'స'లో రెండే వస్తే అది ఏ అక్షరమూ కాదు, స్క్రీన్ మీద ఒక పిచ్చి గుర్తు పడుతుంది. ఫెడోరా, సూసే లాంటి లినక్స్‌ల వాళ్లు దీనికి సొంతంగా మరమ్మతు చేసుకున్నారు. డెబియన్, ఉబుంటు ఆ మరమ్మతును తీసుకోలేదు. కాబట్టి ఒకే కట్ కమాండ్ ఒక లినక్స్‌లో మన ఊరి పేరును సరిగ్గా కోస్తుంది, ఇంకోదాంట్లో అక్షరాన్నే నరుకుతుంది.

దీని వల్ల నష్టం ఎవరికి? ఒక స్కూల్లోనో ఆఫీసులోనో పేర్ల జాబితాను 20 దగ్గర కత్తిరించే స్క్రిప్ట్ ఉందనుకోండి. ఇంగ్లిష్ పేరుకు 20 అక్షరాలు చాలా ఎక్కువ. తెలుగు పేరుకు 20 బైట్లంటే ఆరు గుర్తులు, ఏడోదాంట్లో ముక్క. సూర్యాపేట అన్నంత పేరు కూడా పట్టదు. అప్పుడు ఆఫీసులో ఏమంటారు? 'తెలుగులో పెడితే ప్రాబ్లం వస్తుంది, ఇంగ్లిష్‌లో పెట్టండి' అంటారు. ఒక కమాండ్‌లో సర్దని పాత అలవాటు చివరికి ఒక భాషను ఫారం నుంచి తప్పిస్తుంది. నాకు ఈ విషయం మీద పట్టుదల ఉన్నది ఇందుకే.

ఇంకోటి కూడా గమనించండి. ప్రమాణం చెప్పిన 9 కూడా మన 4 కాదు. పోసిక్స్ 'క్యారెక్టర్' అన్నప్పుడు మన గుణింతం, మన వత్తు దాని లెక్కలో లేవు. ప్రమాణం పాటించడం మంచిదే, కానీ ఆ ప్రమాణం రాసేటప్పుడు మనవాళ్లు కూడా ఆ బల్ల దగ్గర ఉంటే ఇంకా మంచిది. పోసిక్స్‌ను చూసుకునే ఆస్టిన్ గ్రూప్‌లో పాల్గొనడానికి ఫీజు కట్టక్కర్లేదు. 2024లో వచ్చిన కొత్త పోసిక్స్‌లో పైప్‌ఫెయిల్ లాంటివి చేరాయి. అవి ఎవరో గాల్లోంచి తెచ్చినవి కావు. బాష్, కార్న్ షెల్ లాంటి వాటిలో జనం ఏళ్లుగా వాడుతున్నవే. వాడుక గట్టిపడితే ప్రమాణమవుతుంది, మన భాషలో కూడా అంతే కదా.

డీటీపీ షాపులో పాత ఫైళ్లు

షెల్ సంగతి పక్కన పెట్టినా ఈ పోరు మన ఊళ్లో రోజూ కనిపిస్తుంది. ఏ టౌన్‌లోనైనా పాత డీటీపీ షాపుకు వెళ్లండి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, సంస్మరణ సంచికలు ఏళ్లతరబడి అను లాంటి ఫాంట్లలో కొట్టినవే. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. యూనికోడ్ ఫోన్లలోకి రాకముందు తెలుగు అచ్చును నడిపించింది అవే, వాటిని తక్కువ చేయకూడదు. కానీ ఆ ఫైల్‌లోని మాటను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. గ్రెప్‌తో సూర్యాపేట అని వెతికితే ఒక్కటీ దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అక్కడ తెలుగే లేదు.

యూనికోడ్ వాళ్లు ఒక మాట ఇచ్చారు. ఒకసారి ఒక అక్షరానికి ఒక నంబరు ఇచ్చాక దాన్ని ఎన్నటికీ కదపం అని. ఆ మాట మీదే మీరు ఇవాళ పంపిన మెసేజ్ మీ మనవడికి కూడా తెలుగుగానే కనిపిస్తుంది. ప్రమాణం, పాతవాటికి చోటు అనేవి ఎప్పుడూ శత్రువులే అనుకోకండి. మంచి ప్రమాణం అంటే రేపటికి కూడా మాట తప్పనిది.

మరి మనం ఏం చేయాలి?

ల్యాబ్ స్క్రిప్ట్ అడిగిన తమ్ముడికి చెప్పినవే మీకూ చెబుతున్నాను.

ఒకటి, మీ స్క్రిప్ట్ ఏ షెల్ కోసమో మొదటి లైన్‌లో నిజం రాయండి. బాష్ సొగసులు వాడితే బాష్ అనే రాయండి, అందులో సిగ్గు లేదు. నడిపేటప్పుడు కూడా ముందు ఎస్‌హెచ్ అని కొట్టకుండా, ఫైల్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చి నేరుగా నడపండి.

రెండు, అందరి మెషీన్లలో నడవాలంటే ఎస్‌హెచ్ అని రాసి ప్రమాణంలో ఉన్నదే వాడండి. డాష్‌లో ఒకసారి నడిపి చూడండి. షెల్‌చెక్ అనే ఉచిత టూల్ ఉంది, ఏ లైన్ ఎక్కడ జారుతుందో వేలు పెట్టి చూపిస్తుంది.

మూడు, ఎకోకు ఆప్షన్లు ఇవ్వడం మానేయండి. ప్రింట్‌ఎఫ్ వాడండి.

నాలుగు, పొడవు కొలిచే చోట, కత్తిరించే చోట ఒక్కసారి తెలుగు పేరు పెట్టి పరీక్షించండి. మీ ఊరి పేరే పెట్టండి.

ఐదు, పాత స్క్రిప్ట్ మార్చేటప్పుడు దాన్ని ఎవరు వాడుతున్నారో ముందు కనుక్కోండి. కొత్తది తప్పుల్లేకుండా నడిచేదాకా పాతదాన్ని పక్కనే ఉంచండి. ఏ రోజు నుంచి పాతది ఆగుతుందో నాలుగు రోజుల ముందే చెప్పండి.

ఇంకొక్క మాట. 'నేనేం తప్పు చేసిన' అన్నాడు ఆ తమ్ముడు. కంప్యూటర్ ఎర్రర్ చూపించగానే తప్పు తనదే అనుకోవడం మన పిల్లలకు బాగా అలవాటు. 'నాకు రాదు, ఈ లైన్ నాకు పడదు' అని కోర్సు వదిలేసినవాళ్లను కూడా చూశాను. తెలివి లేక కాదు, రెండు మెషీన్ల మధ్య ఎప్పుడో 1980లలో మొదలైన తగువు ఒకటి ఉందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఈసారి మీ స్క్రిప్ట్ ఒకచోట నడిచి ఇంకోచోట ఆగితే, ముందు మిమ్మల్ని తిట్టుకోకండి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూడండి.